మకాం మారిన నొప్పి

పొద్దున్నే కిటికీ పక్క బల్ల మీద గుడ్డ పరిచి, సుద్దతో గీత గీసి, కత్తెర అందుకోవడంతో ఆమె రోజు మొదలయ్యేది. వీధి వీధంతటికీ ఆమె కత్తెరమ్మ. కత్తెర తెరిచిన ప్రతిసారీ కుడి బొటనవేలి మొదట్లో మేకు దిగినట్టుండేది. పదకొండేళ్లుగా అదే వరస. తాళం తిప్పలేకపోయేది, గుండీ పెట్టుకోలేకపోయేది.

"గోరంత నొప్పికి కొండంత గోల," అనేది వదిన, అంటే భర్త అక్క. అంటూనే గుండీలు పెట్టేది.

చివరికి చేతుల డాక్టరు దగ్గరికి వెళ్లింది.

"కీలు అరిగిందమ్మా. ఎముక జోలికి పోను. ఆ కీలు నుంచి నొప్పిని మోసుకెళ్లే సన్నటి నరాలుంటాయి, వాటిని తీసేస్తాను. వేలు ఎప్పటిలాగే కదులుతుంది, పట్టు కూడా పోదు."

"మరి అరుగుదల?"

"అది ఉంటుంది. మీకు తెలియదంతే."

గంట తీగ తెంపేసి ఇంట్లో దొంగల్లేరు అన్నట్టుంది ఈయన వ్యవహారం, అనుకుంది కత్తెరమ్మ.

"మీ కుటుంబంలో బీపీ, షుగరు?"

"లేవండీ. మా పుట్టింటివైపు నొప్పులు మాత్రం పోవు, మకాం మారతాయి."

డాక్టరు తలూపి అదీ రాసుకున్నాడు.

నిజమే మరి. వాళ్ల నాయనమ్మ మోకాలి నొప్పి మేడమెట్లలో మూడోదానికి చేరితే, ఇల్లు అమ్మేదాకా ఆ మెట్టు మూలుగుతూనే ఉంది. పెద్దమ్మ పన్ను పీకించుకుంటే ఆ పోటు పక్కింటాయన దవడకెక్కింది. సొంతదారు వచ్చి, పట్టుకుని, "రా" అంటే తిరిగొస్తుంది, "పో" అంటే మళ్లీ ఆ చోటికే పోతుంది. కానీ "రా" అని ఎవరంటారు? పెద్దమ్మ ఏడాదిపాటు ఆ ఇంటి ముందు నుంచి నడవడమే మానేసింది.

చెయ్యి వరకే మత్తిచ్చి నరాలు తీశారు. రెండు వారాలకి నర్సు కుట్లు విప్పింది. ఆ తర్వాత కత్తెర పట్టుకుంటే వెన్నలో నడిచినట్టు నడిచింది. కత్తెరమ్మ సంతోషించలేదు. అనుమానపడింది. ఇప్పుడది ఎవరి దగ్గరుంది?

మూత బిగించిన సీసా ఒకటి పట్టుకుని ఇల్లంతా తిరిగింది. భర్త మూత తీశాడు. మామగారు తీశారు. పాలు పోసేవాడూ తీశాడు.

"ఏమిటే, ఖాళీ సీసాకి ఇంతమంది కావాలా?" అంది వదిన. "నామీదేనా అనుమానం?"

"అందరిమీదా వదినా. నీమీద కాస్త ఎక్కువ."

వదిన టక్కున తీసి సీసా ఒకచేతిలో, మూత ఒకచేతిలో పెట్టి వెళ్లిపోయింది. కత్తెరమ్మ మేడమెట్లన్నీ తొక్కి చూసింది. ఒక్కటీ కిక్కురుమనలేదు.

నెల తిరిగాక చూపించుకోవడానికి వెళ్లింది. బయట బెంచీ మీద ఒకామె బొటనవేలు చంకలో దాచుకుని కూర్చునుంది. లోపల డాక్టరు చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ కలం ఇరికించి రాస్తున్నాడు. కోటుకి ఒక్క గుండీ పెట్టలేదు.

"ఎలా ఉందమ్మా?"

"నాకు బాగుంది. మీకు ఎప్పట్నుంచి?"

డాక్టరు కలం కింద పెట్టాడు. "మీకు కుట్లు వేసిన సాయంత్రం నుంచి. ఎక్స్‌రేలో ఏమీ లేదు. అరగని కీలుకి నరం తీసి లాభం లేదు."

జాలి కోసం నటిస్తున్నాడేమో. కత్తెరమ్మ కళ్లు చిన్నవి చేసి చూసింది. "ఇంటి తాళం ఎలా తీస్తున్నారు?"

"మా ఆవిడ తీస్తుంది. ఇంత దానికి అంత గోలేమిటంటుంది."

ఇక ఆమె అనుమానించలేకపోయింది. ఆ మాట విన్నవాళ్లకి తప్ప తెలియదు.

"బయట కూర్చున్నామె?"

"క్యాంటీన్‌లో వంట చేస్తుంది. ఇవాళే ఆపరేషన్ చెయ్యాలి. రెండుసార్లు వాయిదా వేశాను. ఈ చేత్తో కత్తి పట్టలేను."

నెలరోజులే అయింది తన వేలికి సుఖం తెలిసి. నోరు మూసుకుని ఇంటికి పోవచ్చు. పెద్దమ్మ ఊరుకోలేదూ? కత్తెరమ్మ లేచి తలుపుదాకా వెళ్లి, ఆగి, మళ్లీ వచ్చి కూర్చుంది.

"వారంలో ఎన్నిరోజులు కోస్తారు?"

"రెండు. మంగళ, గురు."

"ఆ రెండ్రోజులూ నేను గుడ్డ కత్తిరించను. మిగతా ఐదూ మీరే భరించాలి. రేపు బుధవారం పొద్దున్నే వచ్చి అప్పగిస్తా."

"ఐదా?" అన్నాడు డాక్టరు.

"పదకొండేళ్లు మోశానండీ నేను. చెయ్యివ్వండి."

ఆయన బొటనవేలిని గుప్పిట్లో పట్టుకుంది. కళ్లు మూసుకుని లోపల దేవుణ్ణి తలుచుకుంది. "రా," అంది, వీధిలో ఆలస్యం చేస్తున్న పిల్లని పిలిచినట్టు. అది వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎదురుగా డాక్టరు మెల్లగా కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు.

భుజంతో తలుపు నెట్టుకుని బయటికొచ్చింది.

"లోపలికెళ్లమ్మా. ఇవాళ ఆయన చెయ్యి బాగుంది."

"పోయినసారీ ఇలాగే అన్నారు," అంది వంటామె. కత్తెరమ్మ తడి కళ్లవంకా, కొంగులో చుట్టుకున్న చేతివంకా అనుమానంగా చూసింది. తర్వాత లేచి లోపలికి వెళ్లింది.