గేటు రాయి మీద కుంకుమ

మా ఆయన శ్రీహర్షకు క్రికెట్ పిచ్చి. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి మా ఊళ్లో ఏ ఫుట్‌బాల్ క్లబ్బూ ఆయన, ఆయన స్నేహితుల జట్టుకు గ్రౌండ్ ఇవ్వలేదు. చివరికి మునిసిపాలిటీ వాళ్లు అడవి వెనక పాడుబడ్డ స్టేడియం చూపించి, శుభ్రం చేసుకుని ఆడుకోండన్నారు. వీళ్లు ముళ్లపొదలు కొట్టేసి ఆదివారం మొదటి మ్యాచ్ పెట్టుకున్నారు. ఒక్క క్యాచ్ సరిగ్గా పట్టలేరు గానీ, పూజకు మాత్రం లోటు రానివ్వరు. గేటు దగ్గర నాచు పట్టిన రాయి కనబడితే దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఆ రాత్రి వాన పడింది.

సోమవారం పొద్దున ఫోన్లో ఊరి వార్తలు చూశాను. ఆ రాయి ఫొటో, దాని నిండా ఎర్రటి చారలు. యూదుల స్టేడియం రాయి మీద ఎవరో ఎర్ర రంగు పోశారని, పోలీసులు వెతుకుతున్నారని రాశారు. కింద ఆ స్టేడియం కథ కూడా ఉంది. నాజీల కాలంలో ఊరి క్లబ్బులన్నీ యూదులను వెళ్లగొడితే, వాళ్లు సొంత క్లబ్బు పెట్టుకుని, ఆ నేలను తామే చదును చేసి కట్టుకున్నారట. కొన్నేళ్లకే అదీ లాక్కున్నారట. ఆడినవాళ్లలో చాలామంది నాజీల చావు శిబిరాల నుంచి తిరిగి రాలేదు. గేటు రాయి మీద, నాచు కింద, వాళ్ల క్లబ్బు గుర్తు, ఆరు కోణాల యూదుల నక్షత్రం చెక్కి ఉందట.

"గురువారం నీ సిటిజన్‌షిప్ ఆఫీసుల అపాయింట్‌మెంట్ ఉన్నది. యాదున్నదా?" అన్నాను.

"నాకేమెరుక? ఉత్త రాయనుకున్న," అన్నాడు.

యూదుల మీద ద్వేషంతో చేశారని కేసు పడితే ఈ దేశంలో పౌరసత్వం సంగతి మరిచిపోవాల్సిందే. చేసింది వీళ్లేనని ఎవరికీ తెలియకముందే కడిగేద్దామన్నది నా ఆలోచనే. నీళ్ల బకెట్టు, బ్రష్షు పట్టుకుని ఇద్దరం పరుగెత్తాం. ఇసుకరాయి కుంకుమను పీల్చేసుకుంది. నాచు ఊడి నక్షత్రం బయటపడింది గానీ, ఎంత రుద్దినా ఎరుపు పూర్తిగా పోలేదు. సైకిల్ చప్పుడు వినబడ్డప్పుడల్లా నాకు ప్రాణం పోయినంత పనయ్యేది.

అప్పుడే ఒక ముసలావిడ వచ్చింది. పేరు రూత్ అని, ఇక్కడ ఆడిన యూదుల జట్టు గోల్‌కీపర్ కూతురినని చెప్పింది. కళ్లు తుడుచుకుని, శ్రీహర్ష తడి చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"ఎవరో పాపిష్టివాళ్లు చేసినదాన్ని మీరు కడుగుతున్నారు. మీ పేరు చెప్పండి, పేపర్ వాళ్లకు చెబుతాను," అంది.

పోయిన ప్రాణం లేచొచ్చింది నాకు. "సప్పుడు చెయ్యకు," అన్నాను తెలుగులో.

ఆయన నావైపు చూడలేదు. "చేసింది మేమేనండీ," అన్నాడు జర్మన్‌లో. ఆట మొదలుపెట్టే ముందు దండం పెట్టుకుంటామనీ, ఆ ఎరుపు తాము దేవుడికి పెట్టేదనీ, రాయి ఎవరిదో కనుక్కోకపోవడం తమ తప్పేననీ తడబడుతూ చెప్పాడు.

ఆమె చేయి వదిలేసింది. రాయి వైపు తిరిగింది.

"నమ్ముతాను," అంది. "కానీ పొద్దున ఆ ఫొటో చూసినప్పటి నుంచి తలుపు గడియ పడిందో లేదోనని లేచి లేచి చూసుకుంటున్నాను. మా నాన్న చనిపోయేదాకా అలాగే చూసుకునేవాడు."

అప్పటిదాకా భయం మా ఇంట్లోనే ఉందనుకున్నాను. నాకు సిగ్గేసింది. నేనే పోలీసులకు ఫోన్ కలిపి మా ఆయన చేతికిచ్చాను. అటువైపు పేరు అడిగారు. ఆయన అక్షరం అక్షరం విడదీసి చెప్పాడు.