రెండోసారి వేసిన ఉప్పు

పదకొండేళ్లుగా ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్లలో మా శనివారం భజనకు పులిహోర నేనే కలిపేవాణ్ణి. అరవై మందికి ప్రసాదం. బసవపున్నయ్య గారి పులిహోర అని దానికి పేరు కూడా ఉండేది. మూడు నెలల క్రితం, గుడ్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పృథ్వీరాజ్ ఒక్క వారం తనకు అవకాశం ఇవ్వమన్నాడు. ఇచ్చాను. తిన్నవాళ్లంతా మళ్లీ అతన్నే కలపమన్నారు. అప్పటినుంచి నేను కొబ్బరికాయలు కొడుతున్నాను.

కడుపు మండింది. ఆ మాట దేవుడి ముందు కూడా ఒప్పుకున్నాను.

మా ఆఫీసులో ఒకసారి శిక్షణ తరగతి పెట్టి, గ్రీసు దేశపు పాత తత్వవేత్తల గురించి చెప్పారు. మన చేతిలో ఉన్న పని చక్కగా చెయ్యాలి, లేనిదాని గురించి కుమిలిపోకూడదు అన్నది వాళ్ల మాటట. నాకు నచ్చింది. రోజూ దీపం వెలిగించాక, ఇవాళ నా చేతిలో ఉన్నదేమిటి, లేనిదేమిటి అని నన్ను నేను అడుగుతాను. పృథ్వీరాజ్ పులిహోర ఎప్పుడూ నా చేతిలో లేనివాటి కిందికే వచ్చేది. మంట మాత్రం చల్లారేది కాదు.

మొన్న శనివారం భజన హాలు వంటగదిలో అతను చింతపండు గుజ్జు ఉడికిస్తూ అందులో ఉప్పు వేశాడు. అంతలో ఆఫీసు ఫోన్. పావుగంట బయట మాట్లాడి వచ్చి, పెద్ద పళ్లెంలో ఆరబెట్టిన అన్నం మీద గుజ్జు పోసి, మళ్లీ రెండు గుప్పెళ్ల ఉప్పు చల్లాడు.

నేను చూశాను. ఇంకెవరూ చూడలేదు. నైవేద్యం కాకముందు రుచి చూడకూడదు కనక అతనికి తెలిసే దారి లేదు.

"అంకుల్, కలర్ ఎలా వచ్చింది?" అన్నాడు.

"రంగుకేం, బ్రహ్మాండంగా ఉంది," అన్నాను. అబద్ధం కాదు.

కొబ్బరి పీచు తీస్తూ నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. ఇంకొకరి వంట నా చేతిలో లేదు. మరి నాకెందుకు? మూడు నెలల్లో ఎప్పుడూ లేనంత శాంతిగా అనిపించింది. అరవై మందీ మొదటి ముద్దకే మొహం చిట్లించడం, భజన నడిపే లక్ష్మీకుమారి గారు వచ్చే వారం మీరే కలపండి అనడం, అన్నీ కళ్ల ముందు ఆడాయి.

కాయ కొట్టబోయి ఆగాను. నాది కాని విషయంలో నాకింత సంతోషమేమిటి? ఆ ఉప్పు ముద్ద మొదట పెట్టేది స్వామికే కదా. అతని చెయ్యి నాది కాదు. నోరు నాదే.

"పృథ్వీ, ఉప్పు రెండుసార్లు పడింది బాబూ."

అతని మొహం పాలిపోయింది. "అయ్యో! ఎప్పుడు చూశారంకుల్?"

ఇప్పుడే అని అనబోయి మానుకున్నాను. "నువ్వు వేస్తుండగానే. చెప్పకుండా ఊరుకున్నాను."

"అచ్ఛా," అన్నాడు నన్నే చూస్తూ.

"నిలబడతావేం, బియ్యం కడుగు. ఉప్పులేని అన్నం ఇంకో రెండు కిలోలు కలిపితే సర్దుకుంటుంది. నిమ్మకాయలు నేను పిండుతాను."

పూజ అరగంట ఆలస్యమైంది.

ప్రసాదం దగ్గర లక్ష్మీకుమారి గారు రెండోసారి దొన్నె చాపారు. "పృథ్వీ, ఇవాళ ఇంకా బాగుందయ్యా! ఆ నిమ్మకాయ వాసన భలే. బసవపున్నయ్య గారూ, మీరూ కాస్త నేర్చుకోండి ఇతని దగ్గర!"

అందరూ నవ్వారు. పృథ్వీరాజ్ నా వైపు చూసి నోరు తెరిచాడు. మళ్లీ ఫోన్. "సారీ అంకుల్," అంటూ బయటికి పోయాడు. ఆ నిమ్మకాయ నాదండీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ప్రసాదంతో పాటు మింగాను.

మోకాళ్ల నొప్పితో మా ఆవిడ అన్నపూర్ణేశ్వరి ఆ రోజు రాలేదు. నేను గుమ్మంలో ఉండగానే అడిగింది. "ఎలా కలిపాడేంటి మీ పృథ్వీ?"

చెప్పులు విప్పడానికి వంగినవాణ్ణి కాస్త ఎక్కువసేపే వంగి ఉన్నాను.

"బాగా కలిపాడు."

"ఆ మాట అంత కష్టంగా చెప్తారేమండీ?" అంటూ నా చేతిలోని ప్రసాదం పొట్లం అందుకుంది.