గోడెక్కిన బొంత

ముందు చప్పట్లు వినిపించాయి. తర్వాతే తెర తొలగింది. ఉక్కు కర్మాగారం ఊళ్లో, రుఆబాంధాలోని ప్రదర్శనశాల గోడ మీద, దీపాల వెలుగులో, వరలక్ష్మమ్మ కుట్టిన బొంత వేలాడుతోంది. పోయిన భర్త డ్యూటీ చొక్కాలను కత్తిరించి, ఏడుస్తూ ఏడుస్తూ, చలికి కప్పుకుందామని కుట్టుకున్న బొంత అది.

"ఈ రంధ్రం చూడండి," అన్నాడు నిర్వాహకుడు కృష్ణమోహన్, కళ్లు అరమూసి. "దేహం ఎంత దుర్బలమో! ఇది మృత్యువు తొంగిచూసే కిటికీ."

"అది ఎలక కొరికింది బాబూ," అంది వరలక్ష్మమ్మ. "మాసికేస్తానంటే నువ్వే వద్దన్నావు."

సభ మెచ్చుకోలుగా తలలూపింది. ఎలుక కూడా కళలో చేరిపోయింది.

బొంత కింద అట్ట మీద "అజ్ఞాత కార్మికుడి శోకవస్త్రం" అని రాసి ఉంది. ఆమె దాన్ని కూడబలుక్కుని చదివింది.

"అజ్ఞాతేటి బాబూ? మా ఇంటాయన ఉజ్జోగమంతా ఫర్నేస్ కాడే చేశారు కదా."

"పేరడిగితే 'మా ఇంటాయన' అన్నారు గానీ, పేరు చెప్పారా ఆంటీజీ?" అన్నాడు కృష్ణమోహన్. " అయినా పేరు లేకపోతేనే బఢియా, బాగుంటది. అప్పుడిది అందరి దుఃఖం అయిపోద్ది."

మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని పెళ్లినాడే అత్తగారు హెచ్చరించారు. ఆమె ఒక్కనాడూ పలకలేదు. ఆయన ఆయుష్షు మాత్రం ఆ సంగతి పట్టించుకోలేదు.

ఇంక తరగడానికి ఏం మిగిలింది? అందరి దుఃఖంలో ఆయన ఒక్కడే లేకుండా పోతున్నాడు.

వరలక్ష్మమ్మ కొంగు సర్దుకుని, కృష్ణమోహన్ చేతిలోని మైకు అందుకుంది.

"రాసుకో బాబూ," అంది. "బోని సన్యాసిరావు."