కనురెప్ప వెంట్రుక

గాజు విరిచే మర పళ్ళ మధ్య గాజు బిళ్ళను బిగించి, మ్యూరియల్ టాగర్ట్ పిడిని ఇంతింతగా తిప్పుతోంది. తొందరపడితే గాజు వంకరగా విరుగుతుంది. టక్కుమని చిన్న చప్పుడు వచ్చింది. నలుచదరపు బిళ్ళ రెండు త్రికోణాలైంది. ఒకదాన్ని దీపం కింద వాల్చి అంచు చూసింది. ఎడమవైపు కాస్త మేర నున్నగా ఉంది. ఆ మాత్రం చాలు, ఈ పూటకి అదే కత్తి. దాని వీపుకి టేపు చుట్టి చిన్న తొట్టిలా చేసి, నీళ్ళు కారకుండా అంచుల వెంబడి గులాబీ రంగు గోళ్ళరంగు పూసింది. ఇరవై ఆరేళ్ళలో అలాంటి సీసాలు ఎన్ని అయిపోయాయో ఆమెకే తెలియదు. ఒక్కసారీ గోళ్ళకు పూసుకోలేదు.

గది నేలమాళిగలో ఉంది. కిటికీ లేదు. గాలి ఆడితే పని చెడుతుందని కట్టినప్పుడే పెట్టలేదు. కాన్‌బెరాలో జూలై నెలంటే నడి చలికాలం, ఆమె బస్సు ఎక్కేసరికి గడ్డి మీద మంచు గట్టిగా పేరుకుని ఉంటుంది, దిగి ఇంటికి నడిచేసరికి మళ్ళీ చీకటి. చలికాలమంతా ఎండ మొహం శని ఆదివారాల్లోనే చూసేది.

పక్కనున్న కోత మర చేతికి తేనె రంగు జిగురు దిమ్మ ఒకటి బిగించి ఉంది. దాని కొసన ఆవగింజలో సగం లేని నల్ల చుక్క. అది బుల్ చీమ అనే పెద్ద జాతి చీమ మెదడులో ముక్క. మర దాన్ని కిందికి దించుతుంది, గాజు అంచు ఒక పొర చెక్కుతుంది, ఆ పొర తొట్టిలోని నీళ్ళ మీద తేలుతుంది. వెండి రంగులో మెరిస్తే సరైన మందం. బంగారు రంగు తేలితే మందమైంది, పారేయాలి. ఇలా తొమ్మిది వందల పొరలు, ఒక్కటీ పోకుండా, వరసగా. ప్రొఫెసర్ ఫెన్‌విక్ వాటిని పెద్ద సూక్ష్మదర్శినిలో ఫొటోలు తీసి, ఒకే ఒక్క నాడీకణం పోగు ఎటు నుంచి ఎటు పోతోందో ఫొటో మీద ఫొటో పెట్టి వెతుకుతాడు. ఆ పోగులో నల్ల గింజలున్న బుడగలుంటాయి. ఆ గింజల్లో ఉండేది డోపమిన్. చీమకు తీపి దొరికిన చోటు గుర్తుండేది ఆ రసం వల్లేనని ఆయన నమ్మకం. ఆ ఒక్క పోగు కోసం రెండేళ్ళు గడిచాయి. ఆ చీమ ఒక్కటే, ఆ దిమ్మ ఒక్కటే.

నీళ్ళ మీది పొరల్ని జరపడానికి వేలు పనికిరాదు, సూదీ పనికిరాదు. కనురెప్ప వెంట్రుక ఒకటి పీకి, పళ్ళుకుట్టుకునే పుల్ల చివర అంటించి, దానితో నెట్టాలి. పద్నాలుగేళ్ళకు బడి మానేసి, ఊళ్ళో ఉన్ని గోదాముల్లో పనిచేసి, ముప్ఫై మూడేళ్ళకు ఇక్కడికొచ్చిన మ్యూరియల్‌కు ఆ పని నేర్పింది ఎడ్నా అనే ముసలామె. ఎవరి రెప్ప వెంట్రుక వాళ్ళే వాడాలి, పరాయిదైతే చేతికి లొంగదు అని చెప్పేది. మ్యూరియల్ బల్ల మీద జామ్ సీసాలో పుల్లలున్నాయి. పాతవాటి చివర వెంట్రుక గోధుమ రంగు. ఈ మధ్యవి తెలుపు.

ఆమె చేతుల్ని చూడడానికి వేరే ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చేవారు. ఆమెలో ఇంకేదీ ఎవరూ మెచ్చుకున్నది లేదు. రెండేళ్ళ కింద కుడిచేతి బొటనవేలు దానంతటదే కదలడం మొదలైంది. డాక్టరు ఆమెను గదిలో అటూ ఇటూ నడిపించి, మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు చచ్చిపోతున్నాయి అన్నాడు. ఆ మాట విని ఆమెకు నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నారని అడిగితే, దాన్ని నేను రోజూ చూస్తూనే ఉంటానండీ అంది.

అప్పటినుంచి ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదింటికి మాత్ర వేసుకుంటే పదింటి నుంచి ఒంటిగంట దాకా చేయి ఆమె మాట వింటుంది. ఆ మూడు గంటలే కోత. మిగతా వేళల్లో గాజు విరవడం, సీసాలు కడగడం, చేయి కోటు జేబులో పెట్టుకుని నడవడం. మాత్ర వేళకు మాంసం, గుడ్డు తినకూడదు. అవీ మాత్రా ఒకే వాకిట్లోంచి మెదడులోకి పోవాలట. అవి ముందు దూరితే మాత్ర బయటే నిలబడిపోతుంది.

తొమ్మిదిన్నరకు కెవ్ తలుపు తోసుకొచ్చాడు. పై అంతస్తులో చీమల్ని పెంచేది అతనే. ప్లాస్టిక్ తొట్ల అంచులకు పౌడరు రాసి ఉంచుతాడు. బుల్ చీమలు పొద్దస్తమానం ఎక్కుతాయి, జారిపడతాయి, మళ్ళీ ఎక్కుతాయి. ఇవాళ అతనికి యాభై నిండాయి. పళ్ళెంలో మాంసం కూరిన వేడి సాసేజ్ రోల్స్.

"వద్దులే కెవ్. ఇప్పుడే తిన్నా."

"రెండేళ్ళ నుంచీ ఇప్పుడే తింటున్నావు. ఏంటి, మహారాణిగారు టీకి పిలిచిందా? నా చేతి వంట తింటే చస్తావని భయమా?"

పక్కగదుల వాళ్ళు ఇద్దరు వెనక నిలబడి నవ్వారు. అందరూ ఆమె వంకే చూస్తున్నారు. ఇంకోసారి వద్దంటే ఎందుకని అడుగుతారు. ఆమె ఒకటి తీసుకుని తింది. వేడిగా, చాలా బాగుంది.

పదిన్నరకు కోత మొదలుపెట్టింది. ఐదు వందల నాలుగు. ఐదు. ఆరు. ఊపిరి బిగబట్టి నీళ్ళ మీదికి వంగింది. పొరలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని వెండి రిబ్బనులా సాగుతున్నాయి. ఐదు వందల పది దాకా చిన్న రాగి జాలీ మీదికి ఎక్కించింది. తర్వాతి నాలుగూ తేలాయి. పుల్ల ముంచింది. బొటనవేలు కదిలింది. వెంట్రుక రిబ్బనును పక్కనుంచి తాకింది, నీళ్ళు అంచు దాటి గాజు మీదికి పొర్లాయి. నాలుగు పొరలూ కత్తి వీపుకు అతుక్కుని, ముడుచుకుని, నుసిలా అయిపోయాయి.

ఆమె మర ఆపింది. చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చుంది. తొడ కూడా వణికింది.

నాలుగు పొరలంటే కంటికి ఏమీ కాదు. నాలుగు వేల పొరలు దొంతరగా పేర్చినా వేలిగోరంత మందం రాదు. పొరల లెక్క రాసే పుస్తకంలో తర్వాతి పొరకు ఐదు వందల పదకొండు అని రాసేస్తే ఎవరికీ తెలియదు. పెన్ను చేతిలోకి తీసుకుంది. ఐదు, ఒకటి, ఒకటి. అంకెలు చీమల కాళ్ళలా వచ్చాయి. దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఆ చోట రెండు పోగులు పక్కపక్కనే పోతున్నాయని ఫెన్‌విక్ మొన్ననే ఫొటో చూపించాడు. అంకెలు వరసగా ఉంటే ఆయన నమ్ముతాడు. నమ్మి, ఒక పోగు మొదలును రెండో పోగు చివరకు కలుపుతాడు. అలా కలిపినదాన్ని అచ్చు వేస్తారు. పిల్లలు చదువుకుంటారు.

రాసింది కొట్టేసింది. పక్కన, 511 నుంచి 514 పోయాయి, నా చేయి వణికింది, అని రాసి సంతకం పెట్టింది. పుస్తకం పట్టుకుని మెట్లెక్కింది. చేయి జేబులో పెట్టుకోలేదు.

ఫెన్‌విక్ అది చదివాడు, తర్వాత ఆమె చేయి చూశాడు.

"ఎప్పట్నుంచి?"

"ఈ దిమ్మ మొదలెట్టినప్పట్నుంచి."

"నాతో ఒక మాట అనుంటే బాగుండేది కదా మ్యూరియల్."

"అంటే ఇంటికి పంపేవారు కదా."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఎక్కడ తెగిందో తెలిసింది కాబట్టి అవతలి నుంచి వెనక్కి వెతుక్కుంటూ రావచ్చని, దొరక్కపోతే ఆ చోటు ఖాళీగానే వదిలేస్తానని మెల్లగా చెప్పాడు. తర్వాత, చీమకు కూడా ఇలా అవుతుందా అని ఆమె అడిగింది. అంతకాలం బతకవు అన్నాడు ఆయన. అని, ఆ మాటకు తనే నొచ్చుకుని తల దించుకున్నాడు.

మధ్యాహ్నం ఆమె మరను తుడిచింది. దిమ్మను డబ్బాలో పెట్టి మూత మీద తర్వాతిది 515 అని రాసింది. సొరుగులోని సొంత కప్పు, ఉన్ని శాలువా సంచిలో వేసుకుంది. కెవ్ తలుపు దగ్గర నిలబడి, ఆ రోల్ వల్లేనా అని అడిగాడు. మాంసం తింటే ఆ మాత్ర పనిచేయదని అతనికి ఎవరో చెప్పినట్టున్నారు. కాదు, బాగుంది, ఇంకోటి ఉందా అంది. అతను పరుగున వెళ్ళి మిగిలినవన్నీ కాగితంలో చుట్టి తెచ్చాడు. నాలుగింటికి ఆమె బయటికొచ్చేసరికి బస్సుస్టాపు దగ్గర ఇంకా ఎండ ఉంది. సోమవారం ఆమె రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

ఆ బుధవారం పై గది నుంచి రొవీనా అనే ఆమె వచ్చి కుర్చీ ఎత్తు సరిచేసుకుంది. తన రెప్ప వెంట్రుక పీకి చూసుకుంది, పొట్టిగా ఉంది. జామ్ సీసాలోంచి ఒక పుల్ల తీసింది. ఐదు వందల పదిహేనో పొర నీళ్ళ మీద తేలింది, దాని పక్కన, దీపం కింద కనపడీ కనపడకుండా, ఒక తెల్ల వెంట్రుక వణక్కుండా వంగి ఉంది.