మూడు తోళ్ల మృదంగం

నేను ఒక మృదంగాన్ని. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకుందని మీరు సామెత చెప్పుకుంటారు కదా, ఆ మద్దెలకు నేను దగ్గరి చుట్టాన్ని. రోలుకు ఒకవైపే దెబ్బలు, మాకు రెండువైపులా. అయినా నేను ఎవరి దగ్గరా మొరపెట్టుకోలేదు. దెబ్బ పడినంతకాలమే నన్ను జనం తలుచుకుంటారని నాకు తెలుసు.

నా ఒళ్లు పనసకర్ర. అత్తిలి దగ్గర దావీదు అనే ఆయన తన వసారాలో కూర్చుని నన్ను తయారు చేశాడు. కర్రది చిన్న పని, తోళ్లదే అసలు పని. కుడివైపు ఆవుతోలు, మేకతోలు. ఎడమవైపు మేకతోలు మీద గేదెతోలు. రెండు వైపులనూ బిగించే పట్టీలు కూడా గేదెవే. వాటిని నానబెట్టి, వెంట్రుకలు గీకి, ఎండబెట్టి కోశాడు. కుడిముఖం మధ్యన కరణి అనే నల్లటి ముద్దను పొర మీద పొర వేసి, రాయితో రుద్దుతూ రెండు రోజులు తలెత్తలేదు. కర్ర తరాలపాటు మన్నుతుంది గానీ, రోజూ వాయించే చేతికింద తోళ్లు ఏడాది నిలిస్తే గొప్ప. చిరిగినప్పుడల్లా దావీదు కొత్తవి వేస్తాడు.

మొదట కోటేశ్వరరావు మేష్టారు నన్ను పదకొండేళ్లు వాయించారు. హరికథలు, పెళ్లిళ్లు, రేడియో, అన్నీ అయ్యాక ఆయన వేళ్లు మొరాయించాయి. అప్పుడు నన్ను తన శిష్యురాలికి ఇచ్చేశారు. ఆ పిల్ల పేరు మేదిని. అప్పటికి తొమ్మిదేళ్లు. తండ్రి కామేశం గారు తణుకులో పాలిటెక్నిక్ లెక్చరరు, తల్లి ఇందుమతి.

ఆ ఇంట్లో బామ్మగారికి తోలంటే పడదు. కామేశం గారు బెల్టూ, పర్సూ, చెప్పులూ వీధి అరుగు మీదే వదిలి లోపలికి రావాలి. నన్ను మాత్రం పీట వేసి దేవుడి గదిలో కూర్చోబెట్టారు. దసరాకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. ఆవుకూ, మేకకూ, గేదెకూ కలిపి ఒకటే హారతి. నేను నోరెత్తలేదు. పిలిచి పీట వేస్తుంటే కాదనడానికి నాకేం పిచ్చా?

ఇంటర్ మొదటి ఏడాదిలో మేదిని పాలకోసం పెంచే పశువుల గురించి ఏదో వీడియో చూసింది. ఆ మర్నాటినుంచి పాలూ, పెరుగూ, నెయ్యీ మానేసింది. పశువుల నుంచి వచ్చేదేదీ ముట్టనని, తాను వీగన్‌నని చెప్పింది. అదేదో కొత్త జబ్బు అనుకుని బామ్మగారు దిష్టి తీశారు. ఇందుమతి గారు మాత్రం వాదించకుండా కొబ్బరిపాలు పిండడం మొదలుపెట్టారు. కామేశం గారు రెండు నెలలు అలిగారు. ఆయన కంచంలో ముద్దపప్పూ, నెయ్యీ అలాగే ఉన్నాయి, అలక దేనికో ఆయనకే తెలియాలి.

చివరికి ఆయనే దారికొచ్చారు. విశాఖపట్నంలో సంగీతోత్సవం జరుగుతోంది. మూడో రోజు సాయంత్రం యువ కళాకారుల కచేరీలో హిమజ అనే అమ్మాయి గాత్రానికి మేదిని మృదంగం. ఆ కుటుంబం నాలుగేళ్లుగా ఎక్కడికీ వెళ్లలేదు. అందుకని బామ్మగారు ఇంట్లోనే ఉంటానంటే, ముగ్గురూ కచేరీకి రెండు రోజుల ముందే బయలుదేరి, సముద్రమూ కైలాసగిరీ చూసి రావాలనుకున్నారు. కామేశం గారు ఫోనులో వెతికి వెతికి ఒక వీగన్ హోటలు పట్టుకుని, దానికి నాలుగు అడుగుల దూరంలోనే లాడ్జి గది తీసుకున్నారు. అలిగిన తండ్రి అంతకంటే ఎలా క్షమాపణ చెబుతాడు?

ఆ హోటలు నడిపే ఆవిడ పేరు వినీల. గుమ్మం పక్కన పలక మీద సుద్దతో రాసి ఉంది: ఇక్కడ పాలు లేవు, తేనె లేదు, తోలు లేదు. కామేశం గారు దాన్ని పైకి చదివి, శభాష్ అన్నారు. లాడ్జి గదిలో వదిలితే ఎవరైనా ఎత్తుకుపోతారని ఆయన నన్ను ఎక్కడికి వెళ్లినా వెంట మోసుకొస్తున్నారు. హోటల్లోనూ నాలుగో కుర్చీ నాదే.

రెండో రోజు మధ్యాహ్నం కొర్రబియ్యం బిసిబేళే, వేరుశనగ పాలతో చేసిన పెరుగూ వడ్డించారు. ఆ పెరుగు ఎలా తోడుకుంటుందని ఇందుమతి గారు అడిగితే, పచ్చిమిరపకాయ తొడిమలు వేస్తే చాలని వినీల చెప్పింది. కామేశం గారు జీడిపప్పు పనీరు నోట్లో పెట్టుకుని, కూతురి ముఖం చూసి, భేషుగ్గా ఉందన్నారు. మేదిని నవ్వింది. మేదిని పాలు మానేశాక ఆ ముగ్గురూ ఒకే వంట తినడం ఆ హోటల్లోనే.

వినీల నా సంచీ చూసి ముచ్చటపడి, ఇదెలా చేస్తారని అడిగింది. అదే కొంప ముంచింది. నన్ను గురించి ఎవరు అడిగినా కామేశం గారు ఆగలేరు, పాఠం చెప్పేస్తారు. సంచీ విప్పి, వేలు పెట్టి చూపిస్తూ మొదలుపెట్టారు.

"ఇది మేకతోలండీ. దీని మీద ఆవుతోలు. ఇటుపక్క గేదె. ఏడాదికోసారి మారుస్తాం. కొత్త తోలైతేనే ఆ నాదం."

అక్కడితో తన మాట తనకే వినబడి ఆగిపోయారు. వినీల నీళ్ల గ్లాసులు సర్దినట్టు చేసి లోపలికి వెళ్లిపోయింది. మేదిని చెంచా కంచంలో పెట్టేసింది. ఆ పిల్లకు తెలియక కాదు. ఎనిమిదేళ్లుగా ఆ పాఠం పక్కనే కూర్చుని వింటోంది. మేదినికి నావి ముఖాలు, కామేశం గారికి నాదాలు, బామ్మగారికి నేను సరస్వతి. మేకా ఆవూ అన్న మాటలు ఆ రోజే చెవిన పడ్డాయి.

ఆ సాయంత్రం సాధనకు మేదిని నన్ను ముట్టుకోలేదు. రేపు వాయించలేనంది. తోలు లేకుండా ఫైబరు ముఖాలతో మృదంగాలుంటాయని విని దుకాణానికి ఫోన్ చేస్తే, తెప్పించడానికి పది రోజులు పడుతుందన్నారు. ఒక్క రాత్రిలో హిమజకు మృదంగం వాయించేవాళ్లు వేరే దొరకరు. ఈసారి మానితే మళ్లీ జన్మలో ముట్టుకోనని మేదిని భయం. కామేశం గారిదీ అదే భయం. అందుకే గొంతు పెంచి, అవి చచ్చిన పశువుల తోళ్లేగానీ చంపినవి కావన్నారు.

"ఎవరు చెప్పారు నాన్నా?" అంది మేదిని.

ఎవరూ చెప్పలేదు. ఆయన ఎవర్నీ అడగలేదు. ఇందుమతి గారు కచేరీకని తీసి పెట్టుకున్న పట్టుచీరను మడిచి పెట్టెలో అడుగున పెట్టేసి, నేతచీర పైకి తీశారు. మేదిని దావీదుకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి అడిగింది.

దావీదు ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. "కోసినయ్యేనమ్మా. ఆవుది ఎక్కణ్ణించి వస్తదో నేను అడగను. మేక మటుకు నాకు తెలుసు. మా వీధి చివర ఆదివారం కోసిన తెల్లమేక. ఒకసారి ఈనింది. మీ కుడిపక్కన ఉన్నది అదే."

మేదిని ఏడ్చింది. అవతల దావీదే మళ్లీ అందుకున్నాడు. "ముప్పయ్యేళ్లయ్యిందమ్మా ఈ పనిలో. అందరూ శ్రుతి గురించే అడిగారు. ఇదెట్టా చచ్చిందని అడిగింది మీరొక్కరే."

తానేం చేయాలని మేదిని అడిగింది. అది తాను చెప్పేది కాదన్నాడు దావీదు. "మీరు మానేస్తే ఆ మేక లేచి రాదమ్మా. మూలన మటుకు పడెయ్యకండి" అని పెట్టేశాడు.

మర్నాడు సాయంత్రం వేదిక మీద హిమజ పాట ఎత్తుకుంది. మేదిని చెయ్యి నా మీదికి వచ్చి గాలిలోనే ఆగింది. నాకు భయం వేసింది, ఒప్పుకుంటాను. అంతవరకూ ఎవరి నిర్ణయమూ నాకు పట్టలేదు. మేదిని మేకతోలు అంచును వేలితో ఒకసారి తడిమి, తాళం అందుకుంది. ఉప్పుగాలికి నా ఎడమవైపు శ్రుతి దిగిపోయింది. ఒక్క మృదంగమే మోగే తనిలో రెండుచోట్ల లెక్క తప్పింది. అయినా మేష్టారి దగ్గర పదకొండేళ్లలో నేను ఎరగని శ్రద్ధ ఆ చేతిలో ఉంది. చప్పట్లు బాగానే కొట్టారు.

దిగి వచ్చాక మేదిని తండ్రితో ఒక్క మాటే అంది. "ఇవి చిరిగేదాకా వాయిస్తాను నాన్నా. ఆ తర్వాత నాకోసం ఇంకో ప్రాణి వద్దు."

కామేశం గారు నన్ను సంచీలో పెట్టి భుజానికెత్తుకున్నారు. చిరిగిపోతాయని ఆ పిల్ల సాధన తగ్గించలేదు. రోజూ రెండు పూటలా సాధన. పది నెలలకు ఒక ఉదయం తెల్లమేక చిరిగింది.

నన్ను దావీదు వసారాకు తెచ్చారు. ఫైబరు ముఖాలు పార్సిల్లో వచ్చాయి. దావీదుకు అవి కొత్త, అటూ ఇటూ తిప్పి చూసి నేర్చుకుంటానన్నాడు. పట్టీలు కోసి, ఆవునూ, మేకనూ, గేదెనూ విప్పి చాప మీద పరిచాడు. నేను రెండువైపులా తెరుచుకున్న దుంగనై మిగిలాను. మేదిని వేళ్లతో నన్ను తట్టింది. తలుపు మీద తట్టినంత చప్పుడు వచ్చింది. ఇన్నేళ్లూ మోగేది నేనేననుకున్నాను. బొట్టు పెడితే నాకే అనుకున్నాను.

సాయంత్రానికి కొత్త ముఖాలను నైలాను తాళ్లతో బిగించాడు. మేదిని వాయించి చూసి, వేరుగా ఉందంది. దావీదు ఔనన్నాడు. కొత్త గొంతు నాది కాదు. ఆ మాటకొస్తే పాతదీ నాది కాదు.