వెలగని వరుస

మా ల్యాబు మేడమ్‌కి నేను చాటుగా పెట్టిన పేరు అనుమానాలమ్మ. మూడు నెలలు తంటాలు పడి ఫలితం చేతిలో పెడితే ఆవిడ అడిగింది ఒక్కటే: “రెండో ప్లేటులో పాత మందు వెలిగిందా?”

గబగబా నా నోట్సు తిరగేశాను. నొప్పి మందు కణం మీద కబుర్లు అందుకునే రిసెప్టర్‌ని తాకితే లోపలికి రెండు కబుర్లు వెళతాయి. ఒకటి నొప్పిని తగ్గిస్తుంది. రెండోది ఊపిరిని మందగింపజేస్తుందని మా అంచనా. పాత మందు రెండూ పంపుతుంది, మా కొత్త మందు మొదటిదే పంపాలి. రెండో కబురు అందితే వెలగాల్సిన రెండో ప్లేటు చీకటిగా ఉందని నేను ఎగిరి గంతేశాను. కానీ ప్లేటులో మందులు వేసే గుంటలు చాలక అందులో పాత మందు వెయ్యనేలేదు. కణాలు చచ్చినా ప్లేటు చీకటిగానే ఉంటుంది కదా.

పళ్లు నూరుకుంటూ మళ్లీ మొదలుపెట్టాను. నాలుగో రోజు తెర మీద పాత మందు వరుస ధగధగా వెలిగింది. పక్కనే మా మందు వరుసలో ఒక్క గుంటా వెలగలేదు.

“అమ్మయ్య” అని వినిపించింది. అన్నది నేను కాదు. వెనక్కి తిరిగితే, నా కుర్చీని రెండు చేతులా పట్టుకుని అనుమానాలమ్మ నిలబడి ఉంది.

“ఇంకో రెండుసార్లు చెయ్యమ్మా” అంది, కళ్లు తుడుచుకుంటూ.