మేస్త్రికి వినపడని కీచు

బండి గేటు దాటి లోపలికి వచ్చేలోపే దాని రోగం చెప్పేస్తాడని మేస్త్రికి పేరు. తల కాస్త పక్కకి వాల్చి, కళ్ళు సగం మూసి, "ఎడమ చక్రం బేరింగు పోయింది" అనేవాడు. విప్పి చూస్తే అదే. ముప్పై నాలుగేళ్ళుగా ఆ షెడ్డులో అలాగే నడిచింది. కంప్యూటరు తగిలించి, అది ఏమంటుందా అని తెరవంక చూస్తూ కూర్చునే కొత్తతరం మెకానిక్కులంటే ఆయనకి కోపం లేదు, జాలి.

షెడ్డులో ఆయన కాక మరో ఇద్దరే. ఒకడు ఆయన ఈడు వెల్డరు. రెండోది కోడలు. కొడుకు దూరప్రాంతాలకి బస్సు నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండడు. ఒక్కదాన్నే గోడలు చూస్తూ కూర్చోలేనని, పెళ్ళయిన ఏడాదికే కోడలు షెడ్డుకి వచ్చి ఆఫీసు గది తన చేతుల్లోకి తీసుకుంది. ఫోన్లు, విడిభాగాల ఆర్డర్లు, ఏ బండి ఏ రోజు ఇవ్వాలన్నది అంతా ఆమెదే. మామాకోడళ్ళ మధ్య మాటలు తక్కువ. ఉన్న నాలుగూ పని మాటలే.

సోమవారం పొద్దున ఒక పసుపు రంగు కారు వచ్చింది. రెండే సీట్లు, వెడల్పు టైర్లు, నేలని నాకుతున్నంత కిందికి ఉన్న ముందు భాగం. దాన్ని నడుపుతూ వచ్చినావిడ పెద్దాసుపత్రిలో మత్తు డాక్టరు. వారమంతా మనుషుల్ని నిద్రపుచ్చి, సెలవు రోజున రేసు ట్రాకు మీద ఈ కారుని పరుగెత్తించడం ఆవిడ సరదా.

"బ్రేకు వేస్తే కీచుమంటోంది మేస్త్రి గారూ. ఆసుపత్రి ముందు ఆపితే అంబులెన్సు వాళ్ళు కూడా తిరిగి చూస్తున్నారు. రెండు చోట్ల చూపించాను. ఒకళ్ళు ప్యాడ్లు మార్చారు, ఇంకొకళ్ళు గ్రీజు రాసి పంపించారు. ఇక మీరే దిక్కన్నారు."

"వదిలేసి వెళ్ళండమ్మా. రేపు సాయంత్రానికి ఇచ్చేస్తాను."

అంతకు మించి ఆయన ఒక్క ప్రశ్న వేయలేదు. అడిగి తెలుసుకునే అలవాటు లేదు.

మంగళవారం నాలుగు చక్రాలూ ఊడదీశాడు. ముందు కుడి చక్రం దగ్గర, బ్రేకు ప్యాడు వెనక ఉండాల్సిన పల్చటి రేకు లేదు. అదిరే ప్యాడుకి పరుపులాంటిది ఆ రేకు. ఎవరో విప్పినప్పుడు పారేసుకున్నారు. "దొరికిందిరా దొంగ" అన్నాడు వెల్డరుతో. కొత్త రేకు తెప్పించి వేశాడు. ప్యాడ్ల అంచుల్ని ఆకురాయితో కొంచెం ఏటవాలుగా అరగదీశాడు. జారాల్సిన పిన్నులు తుడిచి, ప్యాడ్లకి వెనక వైపు మాత్రం గ్రీజు పట్టించి, అన్నీ బిగించాడు. సాయంత్రం రెండు వీధులు తిప్పి తెచ్చాడు. కారు వెన్నపూసలా ఆగింది. చప్పుడన్నది లేదు.

ఆ వేళకి కోడలు విడిభాగాల దుకాణానికి వెళ్ళి ఉంది. కారు ఆగినప్పుడు వెల్డరుకి మాత్రం కీచు వినపడింది. కానీ మేస్త్రి కారులోనే కూర్చుని ఉన్నాడు కదా, తనకి వినపడింది ఆయనకి వినపడకపోతుందా, పని ఇంకా మిగిలి ఉంటుంది కాబోలు అనుకుని తన పని తాను చూసుకున్నాడు. డాక్టరు వచ్చి కారు తీసుకెళ్ళింది.

బుధవారం పదింటికల్లా ఆవిడ మళ్ళీ గుమ్మంలో ఉంది.

"ఏం మారలేదు మేస్త్రి గారూ. ముందు ఎలా ఉందో అలాగే ఉంది."

"అదెలా? నేను నడిపి చూశాకే ఇచ్చానమ్మా."

"అయితే రండి, ఇప్పుడు చూద్దాం."

ఆయన పక్క సీట్లో కూర్చున్నాడు. మొదటి మలుపులో ఆవిడ బ్రేకు నొక్కి, "ఇదిగో! విన్నారా?" అంది. ఆయన తల వాల్చాడు. ఇంజను కింద ఎక్కడో గుర్రుమంటోంది. టైర్ల కింద ఇసుక నలుగుతోంది. అంతే.

"ఏదమ్మా?"

"ఏదంటారేమిటి? చెవులు చిల్లులు పడుతుంటే!"

మరో మలుపు, మరో బ్రేకు. "ఇప్పుడు?" ఆయన అడ్డంగా తలూపాడు. మూడోసారికి మర్యాదగానే అన్నాడు. "ఇన్నాళ్ళ నుంచి అదే చప్పుడు వింటూ ఉన్నారు కదమ్మా. పోయినా ఉన్నట్టే అనిపిస్తుంది ఒక్కోసారి."

డాక్టరు మొహం ఎర్రబడింది. "నాకు అనిపించడమేమిటండీ? నేనేమన్నా పిచ్చిదాన్నా?"

ఆవిడ కారు వెనక్కి తిప్పింది. కారు షెడ్డు గేటులోకి తిరిగి ఆగింది. అద్దంలోంచి మేస్త్రి ఎదురుగా చూస్తూనే ఉన్నాడు. వెల్డరు మొహం మీది ముసుగు పైకెత్తి ఇటు చూశాడు. ఆఫీసు గుమ్మంలో ఫోను మాట్లాడుతున్న కోడలు, ఖాళీగా ఉన్న చేత్తో రెండో చెవి గట్టిగా మూసుకుంది. నూనె డ్రమ్ము మీద పడుకున్న పిల్లి లేచి గోడ దూకింది. ఈ మూడూ ఒక్కసారే జరిగాయి. మేస్త్రి చెవులకి మాత్రం ఏమీ అందలేదు.

ఆయన కాసేపు సీటులోంచి లేవలేదు. లేచాక, "కారు ఇక్కడే ఉంచండమ్మా. పని మిగిలి ఉంది" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. డాక్టరు టాక్సీ పిలిపించుకుని వెళ్ళిపోయింది. క్షమాపణ లాంటిదేదో చెప్పాలని ఆయనకి తోచేసరికి టాక్సీ గేటు దాటిపోయింది.

ఆఫీసు గదిలోకి వెళ్ళి కోడలి ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. ఆయన ఆ గదిలో కూర్చోవడం అరుదు.

"ఇందాక ఆ కారు ఆగినప్పుడు చప్పుడొచ్చిందా అమ్మాయ్?"

ఆమె చేతిలోని కలం కింద పెట్టింది. "వచ్చింది మామయ్యా."

"గట్టిగానా?"

"ఫోనులో అవతలాయన కూడా అదేం చప్పుడని అడిగాడు."

"నాకు వినపడలేదు."

"తెలుసు."

ఆయన ఉలిక్కిపడ్డాడు. "తెలుసా? ఎప్పటినుంచి?"

కోడలు ఆర్డర్ల పుస్తకం మూసింది. "వాషింగ్ మిషను బట్టలు ఉతకడం అయ్యాక కూత పెడుతుంది కదా. మీరు దాని పక్కనే పేపరు చదువుకుంటూ ఉంటారు. అత్తయ్య వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చి ఆపుతుంది. నిరుటి నుంచీ చూస్తూనే ఉన్నాం."

"చూస్తూనే ఉన్నారా? అంటే మీ అత్తయ్యకి కూడా..."

"అందరికీ తెలుసు మామయ్యా. మీ అబ్బాయికి కూడా."

"ఒక్కళ్ళకైనా చెప్పాలని తోచలేదా?"

"ఎలా చెప్పమంటారు? మేమే నోట్లో నోట్లో గొణుగుతున్నామని మీరు కసురుకుంటారు. గట్టిగా మాట్లాడితే నేనేమన్నా చెవిటివాణ్ణా అంటారు. ఇంక ఆ ఊసెత్తడానికి ఎవరికి ధైర్యముంటుంది?"

ఆయనకి ఒళ్ళు మండింది. కానీ ఆ మంట ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఇంట్లో ముగ్గురూ కలిసి తన వెనక ఒక విషయం దాచారు. దాచిన ఆ విషయం తన తలకాయకి రెండు పక్కలా వేలాడుతూనే ఉంది. లేచి వెళ్ళి, శుభ్రంగా ఉన్న చేతుల్ని సబ్బుతో కడుక్కున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం భోజనం డబ్బా తెరవలేదు.

గురువారం పొద్దున కోడలు తాళాలు తీస్తుండగానే వచ్చి, "ఆ పసుపు కారు ఎక్కు. పక్క సీటు" అన్నాడు.

"నేనా? నాకేం తెలుసు మామయ్యా బ్రేకుల గురించి?"

"తెలియక్కర్లేదు. విన్నది విన్నట్టు చెబితే చాలు."

ఊరి చివర గోదాముల వెనక కొత్తగా వేసిన రోడ్డు ఉంది. పొద్దుటిపూట అటు ఎవరూ రారు. ఆయన నడిపాడు, ఆమె వింది. మొదట్లో "వచ్చింది", "రాలేదు" తప్ప ఏమీ చెప్పలేకపోయింది. ఆయనకి విసుగొచ్చింది. రోగి నోరు విప్పకపోతే వైద్యుడేం చేస్తాడు? అప్పుడు గుర్తొచ్చింది, ప్రశ్నలు అడగాల్సింది తానని.

"చప్పుడు ఎలా ఉంది?"

"స్టీలు పళ్ళెం మీద ఫోర్కుతో గీసినట్టు. పళ్ళు జివ్వుమంటున్నాయి."

"బ్రేకు వేయగానే వస్తోందా, ఆగబోయే ముందా?"

"ఆగబోయే ముందే. చివరి పది అడుగుల్లో."

"బయల్దేరినప్పటి కంటే ఇప్పుడు ఎక్కువా తక్కువా?"

"ఎక్కువ. వేడెక్కినకొద్దీ పెరుగుతోంది అనుకుంటా."

కిటికీలు రెండూ దించి, ఒకసారి ఎడమ గోడ పక్కగా, ఒకసారి కుడి గోడ పక్కగా పోనిచ్చాడు. గోడకి తగిలి తిరిగొచ్చే చప్పుడు ఎటు పక్క ఎక్కువో ఆమె చెప్పాలి. రెండు పక్కలా ఒకటే అంది. అంటే లోపం ఒక్క చక్రంలో లేదు. కుడి చక్రంలో దొరికిన ఆ రేకు అసలు దొంగే కాదు.

రోడ్డు పక్కన కారు ఆపి డాక్టరుకి ఫోను చేశాడు. "అమ్మా, ప్యాడ్లు మార్చక ముందు ఎలాంటివి ఉండేవి? ఎందుకు మార్పించారు?"

"రేసుకి వాడే గట్టి ప్యాడ్లుండేవి. ఊళ్ళో తిరగడానికి అవి పనికిరావని మామూలువి వేయించాను. కీచు ఆ తర్వాతే మొదలైంది. రిపేరుకి చూపిస్తే వాళ్ళు అలాంటివే ఇంకో జత వేశారు. ఎందుకండీ?"

"డిస్కులు మార్చారా?"

"లేదు. అవి బాగానే ఉన్నాయన్నారు."

మేస్త్రి నుదురు కొట్టుకున్నాడు. సోమవారం నాడే ఈ రెండు ముక్కలూ అడిగి ఉంటే సరిపోయేది. గట్టి ప్యాడ్లు రుద్దుకున్న చోట, చక్రంతో పాటు తిరిగే డిస్కు మీద వాటి పూత ఒకటి పేరుకుంటుంది. దాని మీద మెత్తటి ప్యాడ్లు తెచ్చి పెడితే రెంటికీ పొత్తు కుదరదు. ఒకదాని మీద ఒకటి జారలేక, పట్టలేక అదురుతాయి. ఆ అదురే కీచు. కోడలికి అంతా వివరించాడు. చెబుతుంటే తనకే కొత్తగా అనిపించింది, ఇన్నేళ్ళలో ఎవరికీ ఏదీ వివరించి ఎరగడు.

షెడ్డుకి వచ్చి నాలుగు డిస్కులూ విప్పారు. నీళ్ళలో తడిపిన ఉప్పుకాగితంతో గుండ్రంగా తిప్పుతూ, అడ్డదిడ్డంగా గీతలు పడేలా రెండు వైపులా రుద్దారు. బూడిదరంగు పూత పోయి ఇనుము తెల్లగా బయటపడేసరికి మూడు గంటలు పట్టింది. కోడలు ఒక డిస్కు తానే పూర్తి చేసింది. ప్యాడ్ల మొహాలు కూడా తేలిగ్గా గీకి, అన్నీ కడిగి, ఆరబెట్టి బిగించారు.

ఇక డిస్కులకి ఈ మెత్తటి ప్యాడ్ల పూతే కొత్తగా పట్టించాలి. అదే రోడ్డు మీద కారుని వేగంగా పోనిచ్చి, పూర్తిగా ఆపకుండా నెమ్మదిగా చేసి, మళ్ళీ వేగం అందుకోవాలి. అలా పదిసార్లు. నాలుగోసారికి కోడలు కిటికీ అంచు గట్టిగా పట్టుకుంది.

"మామయ్యా, నాకు కడుపులో తిప్పుతోంది."

"చప్పుడు సంగతి చెప్పు ముందు."

"ఉంది. సన్నబడింది. కక్కొచ్చేలా ఉంది నాకు."

"ఇంకో ఆరుసార్లు ఓర్చుకో తల్లీ."

ఎనిమిదోసారికి ఆమె ఏమీ అనలేదు. తొమ్మిదోసారికీ అనలేదు. పదోది అయ్యాక, బ్రేకులు చల్లబడే వరకూ ఊరికే నడిపి, చివరికి మెల్లగా ఆపాడు.

"ఏమైంది? చెప్పవేం?"

"చెప్పడానికేం లేదు. రాలేదు."

"నిజంగానా? నా మొహం చూసి అంటున్నావా?"

"అబద్ధం చెబితే రేపు ఆవిడ ముందు నిలబడాల్సింది మీరు, నేను కాదు" అంది కోడలు. తలుపు తీసుకుని దిగి, కాసేపు గాలి పీల్చుకుంది.

మేస్త్రి నవ్వాడు. అయినా ఇంకో మూడుసార్లు ఆపి చూపించాడు. మూడుసార్లూ ఆమె మాటనే నమ్మాల్సి వచ్చింది. అంతకంటే కష్టమైన పని ఆ వారంలో ఆయన చేయలేదు.

శుక్రవారం డాక్టరు వచ్చి కారు రెండు వీధులు తిప్పి తెచ్చింది. దిగుతూనే, "మొత్తానికి పట్టుకున్నారు" అంది.

"నేను కాదమ్మా, మా కోడలు పట్టుకుంది" అన్నాడు మేస్త్రి. "మొన్న మీకే అలా అనిపిస్తోందన్నాను. తప్పు మాట. చప్పుడు వచ్చింది, నాకే వినపడలేదు."

వెల్డరు చేస్తున్న పని ఆపాడు. డాక్టరు మేస్త్రి వంక, గోడ పక్కనున్న ఇనుము అరగదీసే గ్రైండరు వంక చూసింది. "అది తిరిగేటప్పుడు చెవులకి ఏమన్నా పెట్టుకుంటారా?"

"ఎప్పుడూ లేదు."

"సన్నటి చప్పుళ్ళే ముందు పోతాయి. గట్టిగా ఉన్నవి వినపడుతూనే ఉంటాయి కాబట్టి మనిషికి అనుమానం రాదు." ఒక చీటీ మీద పేరు రాసిచ్చింది. "మా చెవుల డాక్టరు. వెళ్ళండి. పోయింది తిరిగిరాదు. ఉన్నదైనా నిలుస్తుంది."

ఆయన ఆ వారం వెళ్ళలేదు. మరుసటి వారం కూడా పని ఉందన్నాడు. మూడో వారం భార్య చొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టి, "మీరు వెళతారా, నేను కూడా రావాలా?" అని అడిగింది. ఒక్కడే వెళ్ళాడు. మత్తు డాక్టరు చెప్పినట్టే అక్కడా చెప్పారు. రెండు చెవులకీ వినికిడి మిషన్లు ఇచ్చారు. షెడ్డుకి తిరిగొచ్చి, గ్రైండరు పక్కన మేకుకి చెవులు మూసే తొడుగులు మూడు జతలు తగిలించాడు. వెల్డరు పెట్టుకోనని మొరాయిస్తే, పెట్టుకునేదాకా కరెంటు ఆపేశాడు.

మిషన్లు ఆయనకి నచ్చలేదు. కాగితం చప్పుడు కూడా రేకు చింపినట్టు ఉందన్నాడు. ఇంట్లో తీసేసేవాడు, షెడ్డులో పెట్టుకునేవాడు. అయినా బండి నడిపి చూడాల్సి వస్తే కోడల్ని పక్కన కూర్చోబెట్టుకోవడం మానలేదు. ఇప్పుడు బండి తెచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, ఎప్పుడు మొదలైంది, బండి వేడెక్కాకా చల్లగా ఉన్నప్పుడా, అంతకు ముందు ఏం మార్పించారు అని వరసగా అడుగుతాడు. కొందరు పాతవాళ్ళు మేస్త్రి పని అయిపోయిందని చెప్పుకుని వేరే చోటికి వెళ్ళారు. ఆ మాట ఆయన దాకా వచ్చింది. ఆయన పట్టించుకున్నట్టు కనపడలేదు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం, జాకీ మీద వ్యాను ఎక్కించి ఉండగా కోడలు వచ్చి పక్కన నిలబడింది.

"ఊరికే వింటూ కూర్చోవడం నాకు విసుగ్గా ఉంది మామయ్యా. విప్పడం కూడా నేర్పండి."

ఆయన ఆమె చేతుల వంక చూశాడు, చీర కొంగు వంక చూశాడు. "రేపట్నుంచి పంజాబీ డ్రెస్సు వేసుకుని రా. ఇవాళ్టికి కొంగు దోపుకో" అని, పద్నాలుగు నంబరు స్పానరు అందించాడు.

మొదటి బోల్టు విప్పడానికి ఆమెకి పావుగంట పట్టింది. ముందు తప్పు వైపు తిప్పింది. ఆయన స్టూలు మీద కూర్చుని చూశాడు గానీ చేయి వేయలేదు.